వరండాలో మూడు రోజులు

మొన్న ఎండాకాలం భాగ్య ఫోన్ చేసి, "సుమతక్కా, కుప్పంలో ఆడపిల్లలకు కంప్యూటర్ క్యాంపు పెట్టినాను, ఒక పూట వచ్చి సూసి పో" అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఏ పనీ లేకపోయినా వంటింట్లోకి పోయి పోపులపెట్టె మూత తీసి, మళ్ళీ మూసి పెట్టాను. తెలుగు పంతులమ్మగా ఇరవై ఏళ్ళు దాటాయి. రెండు కథల పుస్తకాలు వేసుకున్నాను. తలలో తెల్ల వెంట్రుకలు ఏరడం మానేసి కూడా చాలా రోజులైంది. అయినా భాగ్య పేరు వినపడితే చాలు, కడుపులో ఒక మూల సన్నగా మంట లేస్తుంది. దాన్ని అసూయ అని నేను పిల్లలకు పాఠంలో చెబుతాను. మా అవ్వ మాత్రం కుళ్ళు అనేది. నా విషయంలో అవ్వ మాటే సరిపోతుంది. అసూయ అంటే కాస్త గౌరవంగా ఉంటుంది, నాకు కలిగింది అంత గౌరవమైనది కాదు.

మాది పుంగనూరు. నాయనకు బజారులో పశువుల దాణా అంగడి ఉండేది. అంగడి వెనకే ఇల్లు. తవుడు, చెనిక్కాయ చెక్క, పత్తిగింజలు మూడూ కలిసిన వాసన మా బట్టలకూ, పుస్తకాలకూ, ఆఖరికి అమ్మ డబ్బాలో పెట్టిచ్చే చిత్రాన్నానికీ పట్టేది. బడిలో పిల్లలు ముక్కు మూసుకుని "దాణా వచ్చెనే" అని నవ్వేవాళ్ళు. అందుకే కాబోలు, చదువులో నేను ఎవర్నీ నా ముందుకు పోనిచ్చేదాన్ని కాదు. అవ్వ, అంటే నాయన తల్లి, తెల్లారకముందే లేచి గడపకు పసుపు పూసి, అదే చేత్తో అంగడిలోని తక్కెడకూ, రేడియోకూ, కొత్తగా కొన్న మిక్సీకీ బొట్టు పెట్టేది. బొట్టు పెట్టిన వస్తువు ఆమె లెక్కలో దేవుడితో సమానం. కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. ఎంగిలి చేత్తో తాకకూడదు. నెలలో ఆ మూడు దినాలూ ఆడపిల్లలు దాని దరిదాపులకు పోకూడదు. ఆ మూడు దినాలనే మా వైపు బయటుండటం అంటాం. నేను బయటుంటే పెరటి పంచలో నాకు వేరే చాప, వేరే తట్ట, వేరే చెంబు. మిక్సీ వైపు చూసినా, "సూసింది సాల్లే, ఆ పక్కకు తిరుగు" అని గసిరేది. మిక్సీకి నా చూపు తగిలితే ఏమవుతుందని అడిగే ధైర్యం మా ఇంట్లో అమ్మకే లేదు, ఇంక నాకెక్కడిది.

పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న ఎండాకాలంలో మా బడికి ఒక కాగితం వచ్చింది. మదనపల్లెలో ఒక కాలేజీవాళ్ళు హైస్కూలు ఆడపిల్లలకు మూడు వారాలు కంప్యూటర్ నేర్పిస్తారట. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఆఖరి శనివారం ప్రతి పిల్లా తను రాసిన ప్రోగ్రాం అందరి ముందూ నడిపి చూపించాలి. అందరికంటే బాగా చేసిన ఒకే ఒక్క పిల్ల ఆ తర్వాత ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం వచ్చి ఆ మెషీన్ల మీద పని చేసుకోవచ్చు. నాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "ఆ ఒక్క పిల్లవి నువ్వైతే మదనపల్లెలో ఇంటర్ చదువుదువులే, ఎంపీసీలోనే చేర్పిస్తా. కాదనుకో, ఈడనే పుంగనూరులో ఏదో ఒకటి చదువు. ఆడబిడ్డను దినామూ బస్సులో పంపించాలంటే నలుగురికీ చెప్పేదానికి నాకొక కారణం ఉండాల గదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు, బేరం తెగ్గొట్టే గొంతుతో అన్నాడు. పుంగనూరుకు మదనపల్లె ముప్పావుగంట దారి. ఆ ముప్పావుగంట దాటడం తప్ప నాకప్పుడు వేరే కోరిక లేదు.

కాలేజీలో కంప్యూటర్లుండే గది చూస్తే మా అవ్వే దగ్గరుండి సర్దిందా అనిపించింది. గుమ్మం ముందు చెప్పుల వరస, లోపల నీలం తెరలు, ఊరు ఊరంతా మండిపోతుంటే ఆ గదిలో మాత్రం చలి. మొదటిరోజు కాలేజీ పెద్దాయన కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, ఒక్కో కంప్యూటర్ నుదుటా పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టాడు. నేర్పించేవాళ్ళ బల్ల మీదిది కాక ఆరు మెషీన్లు, పన్నెండు మంది పిల్లలం, మెషీనుకు ఇద్దరు. నేర్పించే వనజ మేడం బెంగుళూరు నుంచి వచ్చింది. మెడ దాకా కత్తిరించిన జుట్టు, చేతికి మగవాళ్ళ గడియారం. తెలుగులో సగం కన్నడం కలిపి మాట్లాడేది. బయట వరండాలో బెంచీ మీద మునెమ్మ అనే ఆయా కూర్చుని మా చెప్పులకు కాపలా కాసేది. ఏ కుక్కా ఎత్తుకుపోకుండా.

నా పక్కన కూర్చోబెట్టిన పిల్లే భాగ్య. చౌడేపల్లె దగ్గర పల్లె. వాళ్ళ నాయన నాలుగు ఆవుల్ని పెట్టుకుని పాలు పోసేవాడు. దాణాకు మా అంగడికే వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మా గడప అవతలే నిలబడి, "రెడ్డెమ్మా, బాగుండావా" అని మా అవ్వను పలకరించేవాడు. భాగ్య ఆయన వెనక తవుడు మూట మీద కూర్చుని నా పుస్తకాల వైపు చూస్తుండేది. నాకంటే ఒక ఏడు చిన్నది, తొమ్మిది పాసై పదిలోకి వచ్చింది. అటువంటి పిల్ల నాతోపాటు, నా మెషీను ముందు, నా కుర్చీ పక్క కుర్చీలో కూర్చోవడమే నాకు మింగుడు పడలేదు. పైగా రెండో రోజే మేడం బోర్డు మీద ఏదో రాసి, దీన్ని నడిపితే ఏమొస్తుందో చెప్పమంటే, నేను ఇంకా చదువుతుండగానే భాగ్య నెమ్మదిగా, "ఏమీ రాదు మేడం, తిరుగుతానే ఉంటాది" అంది. అదే సరైన జవాబు. "ఎలా తెలిసిందే" అని మేడం అడిగితే, "మా ఊరి గానుగెద్దు అంతే గదా మేడం, ఆపమనేవాళ్ళు లేకుంటే" అంది. గదంతా నవ్వింది. మేడం నవ్వలేదు, భాగ్య వైపే చూసింది. ఆ చూపు నాకు రావలసింది. నాకు బాగా గుర్తు, ఆ క్షణంలోనే ఆ పిల్లను చూసి నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

మధ్యాహ్నం ఆమె సద్దిడబ్బా తెరిస్తే సంగటిముద్ద, ఊరిబిండి పచ్చడి. నా చిత్రాన్నం నాకు చప్పగా అనిపించేది. ఆమె నూనె పెట్టిన జడ, ఆమె ఒకే ఒక్క పచ్చ పరికిణీ, ఆమె దగ్గరుండే గళ్ళ కాగితాల నోటుబుక్కు, అన్నిటి మీదా నాకు కుళ్ళే. మెషీను దగ్గర మాత్రం నాదే పెత్తనం. కీబోర్డు నా ముందే ఉండేది. నాకు చేతివేగం ఉంది, ఆమెకు ఒక్కో అక్షరం వెతుక్కోవాలి, ఇద్దరి టైమూ ఎందుకు పాడవ్వాలని నాకు నేను చెప్పుకునేదాన్ని. పాలు పిండే చేతులకు ఇవేం వస్తాయిలే అని కూడా అనుకున్నాను. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తుండేది. "అక్కా, నేనొకసారి..." అంటే, "ఉండు, ఒక్క నిమిషం, అయిపోవచ్చె" అనేదాన్ని. ఇది తప్పని నాకు ఏనాడూ తోచలేదు.

ఒక్క సంగతి ఇక్కడ చెప్పాలి. రెండో వారంలో నేను బయటున్నాను. బొట్టు పెట్టిన మెషీన్ల గదిలోకి పోవచ్చో లేదో తెలియక, మేడం చెవిలో అడిగాను. మేడం కళ్ళు పెద్దవి చేసి, "అయ్యో దేవరే! మెషీన్‌కి అదంతా ఏం గొత్తమ్మా? పో, కూచో" అంది. పోయి కూర్చున్నాను. మెషీను పేలిపోలేదు. ఆ రోజంతా గాలిలో నడిచినట్టుంది. మిగతా పిల్లల్లో ఇద్దరు ముగ్గురు అప్పటికే ఏ కడుపునొప్పో చెప్పి మూడేసి రోజులు మానేశారు. వాళ్ళెందుకు మానేశారో నాకు తెలుసు, మేడానికి తెలియదు. నేనైనా వాళ్ళకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

మూడో వారం సోమవారం. చౌడేపల్లె బస్సు దిగి, పుంగనూరులో మదనపల్లె బస్సు ఎక్కి నా పక్కన కూర్చుంది భాగ్య. బస్సు ఊరు దాటాక నా చెవి దగ్గరికి వచ్చి, "అక్కా, నేను బయటుండాను. లోపలికి రావచ్చునా?" అని అడిగింది.

నేను కిటికీలోంచి చూస్తూ, "ఎట్లా వస్తావు? బొట్టు పెట్టిండారు గదా మెషీన్లకు" అన్నాను.

"మేడమును అడగనా?"

"అడిగితే తిడతాది. పెద్దాయనకు తెలిస్తే క్యాంపే నిలిపేస్తారు. ఈ మూడు దినాలూ వరండాలో కూచో. ఒళ్ళు బాలేదని నేను చెప్తాలే."

ఆమె తల ఊపింది. "మంచిదక్కా" అంది. ఆ మంచిదక్కా అనే మాటను నేను ఇన్నేళ్ళూ మోశాను. శనివారం చూపించాల్సిన ప్రోగ్రాం రాసుకోవడానికి మాకు మిగిలింది ఆ వారమే. అందులో మూడు రోజులు నేను ఆమె దగ్గర్నుంచి లాగేసుకున్నాను. అది తెలిసే చేశాను.

లోపల నేను ముగ్గు వేసే ప్రోగ్రాం రాస్తున్నాను. చుక్కలతో మొదలై, గీతలు కలుస్తూ, తెర నిండా పెద్ద ముగ్గు. మెషీను మొత్తం నాదే, పక్క కుర్చీ ఖాళీ. అయినా చూపు కిటికీ వైపే పోయేది. నీలం తెర సందులోంచి చూస్తే వరండాలో బెంచీకి ఒక చివర మునెమ్మ, ఇంకో చివర భాగ్య, ఆమె ఒళ్ళో గళ్ళ నోటుబుక్కు. మధ్యాహ్నం మేడం, "భాగ్య ఎల్లి?" అని అడిగింది. "ఒళ్ళు బాలేదంట మేడం, బయట కూచోనుండాది" అన్నాను. మేడం లేచి బయటికి పోయింది. దొంగకు తేలు కుట్టినట్టు నేను కదలకుండా కూర్చున్నాను. తెర సందులో మేడం ఆమె పక్కన కూర్చోవడం, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోవడం, మేడం ఆ నోటుబుక్కు తీసి పేజీలు తిప్పడం కనిపించాయి. తిరిగొచ్చి మేడం నన్నేమీ అనలేదు. భాగ్య లోపలికి రాలేదు. నా అబద్ధం నిలిచింది, అంతే చాలనుకున్నాను.

బుధవారం సాయంత్రం చెప్పులేసుకుంటుంటే మునెమ్మ నన్ను పట్టుకుని, "మీ పక్కూరి పాప మంచి సదువరిమ్మా. మా ఆవును యాపొద్దు ఎద్దుకు దాటిచ్చినానో అడిగి, కాయితం మింద గళ్ళు గీసి, యాపొద్దు ఈనతాదో చెప్పె. సంకురాత్రి పండక్కు ముందా యెనకా అని నేనే యేళ్ళ మింద ఎంచతా ఉండా" అని మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆవులు, ఈతలు, వీటికా కంప్యూటరు అనుకున్నాను. మా అంగడి బతికిందే ఆ ఆవుల మీదని నాకు గుర్తు రాలేదు.

గురువారం భాగ్య లోపలికి వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చోలేదు. మేడం తన బల్ల మీదున్న ఏడో మెషీను ఆమెకిచ్చింది. ఎందుకిచ్చిందో అర్థం కాలేదు. పన్నెండు మందిలో ఒక్కదానికి సొంత మెషీను, అదీ మేడం బల్ల దగ్గర! రెండు రోజులు నేను ముగ్గు మీద కంటే ఆమె వీపు మీదే ఎక్కువ చూపు పెట్టాను. ఆమె నోటుబుక్కు చూసుకుంటూ ఒక్కో అక్షరం వెతుక్కుని, నెమ్మదిగా కొడుతూ పోయింది. ఎక్కడా తుడిచింది లేదు.

శనివారం అందరి నాయనలూ వచ్చారు. మా నాయన తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. భాగ్య వాళ్ళ నాయన వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా ముగ్గు తెర మీద విచ్చుకుంటుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నాయన మెడ తిప్పి వెనకవాళ్ళను చూశాడు, నా కూతురే అన్నట్టు. ఆ తర్వాత భాగ్య మెషీను. తెర మీద ఒకే ఒక్క వరస వచ్చింది. ఆవును దాటించిన తేదీ చెప్పమని ఇంగ్లీషులో అడిగింది. మేడం మునెమ్మను లోపలికి పిలిచింది. ఆమె గుమ్మం దగ్గర ఆగిపోతే చెయ్యి పట్టి లాక్కొచ్చింది. మునెమ్మ తేదీ చెప్పింది. భాగ్య కొట్టింది. జవాబు వచ్చింది. మేడం దాన్ని పైకి చదివితే మునెమ్మ, "అదేందిమ్మా, మొన్న కాయితం మింద చెప్పిన దినమే గదా ఇది!" అంది. వెనక గోడ దగ్గర్నుంచి భాగ్య నాయన, "మా ఎర్రావుది గూడా అడగమ్మా" అన్నాడు. ఇంకొకరు ఇంకో ఆవు. ఒక్కొక్కరే లేచి ఆ బల్ల చుట్టూ చేరారు. కాసేపటికి మా నాయన కూడా లేచాడు. అంగడికి వచ్చేవాళ్ళకు ఇది పనికొస్తుందా అని భాగ్యను అడిగాడు. నా ముగ్గు నా తెర మీద ఒంటరిగా వెలుగుతూ ఉండిపోయింది.

ఆదివారాలు భాగ్యకు దక్కాయి. తిరుగుబస్సులో నాయన నా తల నిమిరి, "ముగ్గు బాగుండెనమ్మా" అన్నాడు. నేను పుంగనూరులోనే చదివాను, ఎంపీసీ కాదు. ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం పొద్దున చౌడేపల్లె బస్సు మా అంగడి ముందు ఆగేది. భాగ్య దిగి, అవ్వను పలకరించి, మదనపల్లె బస్సెక్కేది. నేను అంగడి లోపల మూటల వెనక నిలబడి, ఆమె ఆ ముప్పావుగంట దారి పట్టి పోవడం చూసేదాన్ని. తర్వాత ఇంజనీరైంది. కుప్పంలో ఇల్లు తీసుకుని ఏళ్ళ తరబడి రైల్లో బెంగుళూరుకు ఉద్యోగానికి పోయొచ్చింది. ఆమె గురించి ఏ కబురొచ్చినా నాకు రెండు రకాల బాధ. ఒకటి, అది నాకు రాలేదని. రెండోది, అంత చేసి కూడా ఆమెను ఆపలేకపోయానని. రెండోదాన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అయితే ఆ పాపం నాదేనని, అది పెద్దదేనని లోలోపల ఒక రకమైన గర్వం కూడా ఉండేది. ఒక మనిషి బతుకును అడ్డుకోబోయినదాన్ని కదా!

మొన్న భాగ్య పిలిచిన రోజు పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి పదకొండైంది. భాగ్య క్యాంపు పెట్టింది ఒక బడిలో, గ్రానైటు పరిచిన హాల్లో. గుమ్మం దగ్గర అలవాటుకొద్దీ నేను చెప్పులు విప్పాను. "వేసుకోక్కా, ఈడ ఎవురూ విప్పరు" అని నవ్వింది. లోపల ఇరవై మంది పిల్లలు, పది కంప్యూటర్లు. ఏ మెషీనుకూ బొట్టు లేదు. గోడకు అతికించిన కాగితం మీద క్యాంపు నియమాలు. మొదటిదే, ఏ రోజైనా, ఏ మూడు రోజులైనా, అందరూ లోపలికి రావచ్చని. దాన్ని రెండుసార్లు చదివాను. టీ ఇచ్చేటప్పుడు ఆమెను వరండాలోకి తీసుకుపోయి, గుక్క తిప్పుకోకుండా అన్నీ చెప్పేశాను. ఆ రోజు బస్సులో నేను చెప్పింది అబద్ధమని, తెలిసే చెప్పానని.

భాగ్య టీ ఊదుకుంటూ విన్నది. "తెలుసు గదక్కా" అంది. "ఆ పొద్దు మద్యాన్నానికే తెలిసిపాయ. మేడమే చెప్పింది, అట్లాంటిదేం లేదు, లోపలికి రమ్మని."

"మరి యాల రాలేదు?"

"వచ్చి ఏం జేయాల? నీ పక్కన చేతులు ముడుచుకోని కూచోవాల. రెండు వారాల్లో ఒక్కసారన్నా కీబోర్డు నా చేతికిచ్చినావా నువ్వు? వరండాలో అయితే బెంచీ నాదే, పుస్తకం నాదే. మేడము కాళ్ళు పట్టుకున్నంత పని జేసి, ఈ మూడు దినాలు నన్ను ఈడనే ఉండనియ్యండి అన్నా. పాపం, గురువారము నుంచి తన మెషీనే ఇచ్చె." నా ముఖం చూసి ఆమెకే జాలేసినట్టుంది. "దానికేంలేక్కా, చిన్నపిల్లలం. నువ్వు చెప్పకుంటే నాకు బయట కూచునే దోవే దొరికుండదు" అంది.

నాకు ఏడుపు రాలేదు, కుళ్ళు పుట్టింది. ఇన్నేళ్ళు నేను బరువనుకుని మోసింది ఆమెకు బెంచీ అయింది. నేను తప్పనుకున్నది ఆమెను తాకనే లేదు. నేను తప్పనుకోనిది మాత్రం ఆమెకు రోజూ గుర్తుంది. నా పాపంలో కూడా గెలుపు ఆమెదే.

మళ్ళీ లోపలికి పోయాం. వెనక కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి భాగ్య ఒక స్టీలు గ్లాసును చెంచాతో టంగుమని కొట్టింది. పిల్లలంతా కీబోర్డులు పక్కవాళ్ళ ముందుకు జరిపారు. పావుగంటకొకసారి అట్లా కొడుతూనే ఉంది. ఆ నియమం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా కాలంలో ఆ గ్లాసు ఎవరూ కొట్టలేదు, కొట్టి ఉంటే నేను ఇంకోలా ఉండేదాన్నేమో అని ఒక సాకు నోటిదాకా వచ్చింది. మింగేశాను. మూడోసారి టంగుమన్నప్పుడు నా ముందు వరసలో ఒక పిల్ల కీబోర్డు వదల్లేదు. రెండు జడలు, చురుకైన వేళ్ళు, తెర మీదినుంచి చూపు తిప్పదు. పక్క పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. భాగ్య అవతలి మూల ఎవరికో ఏదో చెబుతోంది, చూడలేదు.

నేను లేచి పోయి రెండు జడల పిల్ల పక్కన నిలబడ్డాను. "ఇచ్చేయమ్మా" అన్నాను.

"ఒక్క నిమిషం ఆంటీ, అయిపోవచ్చె."

"నాకు తెలుసు," అన్నాను. "అయినా ఇచ్చెయ్."

ఆ పిల్ల నా వైపు కోపంగా చూసి, కీబోర్డు పక్కకు జరిపింది. రెండో పిల్ల ఒళ్ళోంచి చేతులు పైకి తీసింది.